వస్తువు దాచినాం, డబ్బా పారేసినాం

1980ల్లో, 90ల్లో తిరుపతి వీధుల్లో మధ్యాహ్నం మూడు దాటితే ఒక కేక వినిపించేది. "పాత బట్టలకూ, పాత బోకులకూ స్టీలు సామాన్లేయ్!" కొర్లగుంటైనా బైరాగిపట్టెడైనా, అటు చిత్తూరు గ్రీమ్స్‌పేటైనా అదే కేక, అదే తట్ట. అమ్మలు అటక మీదినుంచి కంచు గిన్నెలు, ఇత్తడి చెంబులు దించి తూకం వేయించేవాళ్ళు. మెరిసే స్టీలు డబ్బా చేతికొస్తే బేరం గెలిచినంత సంబరం. ఆ డబ్బాను ఇప్పుడు పాత ఇనుము అంగడివాడు కూడా మొహమాటానికే తీసుకుంటాడు. ఆ రోజు తట్టలోకి పోయిన చెంబు కోసం మాత్రం బెంగళూరు, చెన్నై వాళ్ళు ఫోన్లలో వెతుకుతున్నారు.

పాత వస్తువులు కొని ఆన్‌లైన్లో అమ్మే పనిలో ఉన్నవాళ్ళకు మన వైపు ఇళ్ళ గురించి ఒక సంగతి తొందరగానే తెలిసిపోతుంది. మనోళ్ళు వస్తువును ప్రాణంగా దాచినారు. దాంతోపాటు వచ్చిన అట్టపెట్టె, బిల్లు, గ్యారంటీ కార్డు, పై అట్ట, మూత మాత్రం ఆ సాయంత్రమే పొయ్యిలోకి పోయినాయి. కాబట్టి వస్తువు ఊరంతా ఉంది, పెట్టె యాడా లేదు. ధర పలికేది ఆ పెట్టెకే.

ముందు ఇత్తడి సంగతి. మన ఇళ్ళలో బోకుల మీద పేర్లు కొట్టించే అలవాటు ఉండేది. పెండ్లికి ఏ బిందె ఎవరు పెట్టినారో, ఏ తేదీన పెట్టినారో, పాత్రల అంగడి ముందర కూర్చున్న మనిషి చిన్న ఉలితో చుక్క చుక్కగా కొట్టిచ్చేవాడు. తర్వాత కరెంటు మిషను వచ్చింది. ఈ రెండింటికీ తేడా కంటికే తెలుస్తుంది: చేతి ఉలి అక్షరంలో చుక్కలు విడివిడిగా, ఒకటి లోతుగా ఒకటి పైపైన ఉంటాయి, మిషను అక్షరం వణికే సన్నగీతలా సాగుతుంది. తూకం అంగట్లో పేరుకు విలువ లేదు. కొనుక్కునే వాడికి మాత్రం చేత్తో కొట్టిన పేరు, తేదీ ఉంటే ఆ చెంబుకు వయసు రుజువైనట్టే. బాగా కనబడాలని బఫింగ్ మిషను పట్టించి ఆ పేరును అరగదీసేవాళ్ళు చానామంది ఉన్నారు. ఆ పాలిష్‌తో చెంబు మళ్ళీ కిలోల లెక్కలోకే పడిపోతుంది.

కొనడానికి పోయేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం ఉండాలి. ఇనుము మీద ఇత్తడి పూత పూసిన గంటలు, దీపాలు 'తాతలనాటివి' అనే పేరుతో తిరుగుతుంటాయి. అయస్కాంతం అతుక్కుందంటే ఇక బేరమే వద్దు. చెంబునిండా నీళ్ళు పోసి పాత పేపరు మీద అరగంట పెట్టాలి. అడుగు అంచున సూదిమొన బెజ్జాలుంటే పేపరు తడిసి చెప్పేస్తుంది. సీసంతో అతుకు పెట్టిన పాత్రను వంటకు, తాగడానికి పనికొస్తుందని ఎప్పుడూ రాయగూడదు, అలంకరణకు అనే రాయాలి. కంచును చెవితో చూడాలి. మంచి కంచులో సుమారు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం. వేలి గోటితో కొడితే మోత నిలబడుతుంది. 'టక్' మని ఆగిపోయిందంటే కంటికి కనపడని పగులుందన్నమాట. కంచు వంగదు, పగులుతుంది. బస్సు పార్శిల్లో ఒక్కసారి కింద పడితే రెండు ముక్కలు.

కడగడంలోనూ చిక్కుంది. చింతపండుతో తోమడం మన ఇళ్ళలో మామూలే, వాడుకునే బోకుకు అది మంచిదే. అమ్మే బోకును చింతపండు పులుసులో రాత్రంతా నానేస్తే ఇత్తడిలోని జింకు కరిగిపోయి రాగి ఎరుపు మచ్చలు పైకి తేలుతాయి, అవి పోవు. కుంకుడు రసం, మెత్తని గుడ్డ, నీడన ఆరబెట్టడం చాలు. నలుపు కొంచెం మిగిలితే మిగలనీండి, కొనేవాడికి కావాల్సింది అదే.

ఇత్తడిలో ఉన్న సుఖం ఏమంటే నష్టానికి ఒక హద్దుంది. ఆ రోజు తూకం ధర మీద కొంచెం ఎక్కువిచ్చి కొంటే, అమ్ముడుపోకపోయినా తూకానికి వేసి సగానికి పైగా రాబట్టుకోవచ్చు. కష్టమల్లా పంపడంలోనే. కొరియర్లు బరువును రెండు విధాలుగా చూస్తారు: కాటా బరువు ఒకటి, పెట్టె కొలతల బరువు ఒకటి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, మామూలుగా 5,000తో భాగిస్తారు. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 30 బై 30 బై 35 పెట్టెలో పెట్టిన బిందె కాటా మీద రెండున్నర కిలోలే ఉన్నా లెక్కలో 6.3 కిలోలు అవుతుంది. అందుకే బిందెలు, గంగాళాలు ఊర్లోనే, ఇంటికొచ్చి తీసుకుపోయే వాళ్ళకు అమ్మాలి. కొరియర్‌కు చెంబులు, కుంకుమ భరిణెలు, గంటలు, దబర గ్లాసులు.

ఇక వాచీలు. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో హెచ్.ఎం.టీ. వాచీలు మొదలైనాయి. చిత్తూరుకు బెంగళూరు పక్కనే. జిల్లాలో కొత్తల్లుడికి పెట్టే వాచీ అంటే ముప్పై ఏండ్ల పాటు హెచ్.ఎం.టీ.నే. జనతా, పైలట్, కోహినూర్, జవాన్, సోనా, కాంచన్... కాంచన్ కావాలని అలిగిన అల్లుళ్ళ కథలు ప్రతి ఊర్లోనూ వినపడేవి. 2016లో కేంద్ర ప్రభుత్వం వాచీల కంపెనీని మూసేయడానికి ఒప్పుకున్నాక పేపర్లన్నీ రాసినాయి, ఒక్కసారిగా వీటికి గిరాకీ పెరిగింది. దాని వెనకే దొంగ డయళ్ళూ పెరిగినాయి.

దొంగది అంటే లోపలి మిషను దొంగది కాదు. పాత జనతా మిషనుకు కొత్తగా అచ్చేసిన రంగురంగుల డయల్ తగిలించి 'అరుదైన మోడల్' అని అమ్ముతారు. చూడాల్సినవి చెప్తాను. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంలో డయల్ మీద అక్షరాల అంచులు కత్తిరించినట్టు ఉండాలి. సిరా పాకినట్టుంటే తర్వాత అచ్చేసిందే. గంటల గీతలు మధ్య బెజ్జానికి సూటిగా చూడాలి. డయల్ అడుగున సన్న అక్షరాలు అలికినట్టు ఉన్నా అనుమానమే. ముల్లులకు పూసిన రేడియం రంగు ముదిరి ఉండి, డయల్ మీది చుక్కలు తెల్లగా మెరుస్తుంటే ఆ రెండూ ఒక వాచీవి కావు. జిగేల్మని మెరిసే పసుపు, నారింజ డయల్ మీద జనతా అని ఉంటే చేయి వెనక్కి తీసుకోండి.

జనతాలో ఎక్కువగా ఉండేది 0231 అనే 17 జువెల్ (ఇరుసులు తిరిగే చిన్న రాళ్ళు) మిషను. చేత్తో కీ ఇచ్చేది, గంటకు 18,000 కొట్లు. ఫోన్లో వాచీ కొట్లు వినే యాప్‌లు వచ్చినాయి. మైకు మీద వాచీ పెట్టి వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి, కీ పక్క కిందికి ఒకసారి చూడాలి. మూడింటిలో రోజుకు తేడా ఒకే తీరుగా ఉంటే సెట్టింగుతో సరిపోతుంది. ఒక్కోదానిలో ఒక్కో తీరుగా ఉంటే బాలెన్సు ఇరుసు అరిగింది లేదా నూనె ఎండి గట్టిపడింది. నూనె ఎండిన వాచీ కీ ఇస్తే నడుస్తుంది. అమ్మేవాడు 'నడుస్తా ఉంది చూడు' అంటాడు, నిజమే. అట్లే నడిపిస్తే ఇరుసులు అరిగిపోతాయి. అందుకే సర్వీసు ఖర్చు కలుపుకోకుండా ఏ కీ వాచీకీ ధర కట్టగూడదు.

కేసు సంగతి మన ఎండలకు ముఖ్యం. ఈ వాచీలలో చానా వాటి కేసులు ఇత్తడివి, పైన క్రోమ్ పూత. చెమటలోని ఉప్పు పూత కిందికి దిగితే, బెల్టు తగిలే చెవుల దగ్గర గుంతలు గుంతలుగా తినేస్తుంది. అది పాలిష్‌తో పోదు, పాలిష్ పట్టేకొద్దీ పసుపు ఇత్తడి బయటికొస్తుంది. అద్దం గీతలకు భయపడాల్సిన పని లేదు: అది ప్లాస్టిక్ అద్దం, మెత్తని గుడ్డకు కొంచెం పళ్ళపేస్టు రాసి పది నిమిషాలు రుద్దితే సన్నగీతలు పోతాయి, లేదంటే కొత్తది తక్కువ ఖర్చుతో దొరుకుతుంది. కేసుకు గుంతలున్న వాచీని విడిభాగాల కింద లెక్కేసి కొనాలి. ఊరి పేరున్న అంగడి ముద్రతో గ్యారంటీ కార్డు, ఎర్రపెట్టెలో మడిచిన బిల్లు దొరికితే మాత్రం వాచీ ఆగిపోయి ఉన్నా కొనొచ్చు.

తిరుపతిలో ఉన్నవాళ్ళకు దగ్గర్లోనే ఒక దారుంది. శ్రీవారి హుండీలో భక్తులు వేసిన వాచీలను టీటీడీ లాట్ల (గుత్తగా కట్టిన కుప్పల) కింద ఈ-వేలం వేస్తుంది. టైటాన్, క్యాషియో, టైమెక్స్, సొనాటా, ఒకప్పటి మన హైదరాబాద్ ఆల్విన్‌తో సహా. కొత్తవి, వాడినవి, పాక్షికంగా దెబ్బతిన్నవి అని ప్రకటనలో రాస్తారు. వివరాలు తిరుపతిలోని టీటీడీ మార్కెటింగ్ వేలం విభాగంలో చెప్తారు. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది కానీ లాటు అంటే లాటే, ఏరుకోవడం ఉండదు. అందులో ఎక్కువ క్వార్ట్జ్ వాచీలు, వాటిలో చానా వాటికి బ్యాటరీ లోపలే కారిపోయి ఉంటుంది. కారిన రసం ముందు రేకును తింటుంది, తర్వాత జుట్టుకంటే సన్నని కాయిల్ తీగను తెంపుతుంది. అట్లాంటి దాన్ని బాగుచేయడంకంటే మిషను మార్చడమే చవక. లాటుకు ధర పలికేటప్పుడు 'ఎన్ని వాచీలు' అని లెక్కేసినవాడు మునుగుతాడు. ఎన్ని కేసులు, ఎన్ని స్టీలు చైన్లు, ఎన్ని డయళ్ళు పనికొస్తాయి అని లెక్కేసినవాడు ఒడ్డున పడతాడు. చైన్లు ఒక్కటే అమ్మి లాటు సగం ఖర్చు రాబట్టేవాళ్ళున్నారు. 'శ్రీవారి హుండీ వాచీ' అని పేరుపెట్టి భక్తి మీద ధర పెంచి అమ్మడం మాత్రం నాకు సరిపడదు. కొన్నవాడికి అది రుజువు చేయలేరు కూడా.

కాగితాల దగ్గరికొస్తే మన తప్పులన్నీ బయటపడతాయి. 1947 జూలైలో మద్రాసులో మొదలైన చందమామ రాని ఇల్లు ఒకప్పుడు అరుదు. శ్రద్ధ ఉన్న ఇళ్ళలో ఏడాది సంచికలు పన్నెండూ కలిపి బైండు చేయించేవాళ్ళు. బైండరు ఏం చేసేవాడంటే, లావు తగ్గడానికి అట్టలూ ప్రకటనల పేజీలూ పీకేసి, మూడు పక్కలా కత్తేసి సమానం చేసేవాడు. వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాలు అట్లా వందలకొద్దీ బైండరు అంగడి మూలకు చేరిపోయినాయి. ఇప్పుడు పిన్నులు తుప్పుపట్టినా సరే, ముందూ వెనకా అట్టలున్న విడి సంచికకే గిరాకీ. తీరుగా బంగారు అక్షరాలతో ఉన్న బైండు పుస్తకానికి చదువుకునేవాడి ధరే.

దీనికి తిరగబడిన సంగతి ఒకటుంది. వారపత్రికల నుంచి సీరియల్ పేజీలు చించి, కుట్టి, నవలలా దాచుకునేవాళ్ళు మన అక్కయ్యలు, పిన్నమ్మలు. అవి చిరిగిన కాగితాలని తూకానికి వేసేస్తుంటారు. పుస్తకంగా వచ్చిన నవలల్లో చానా వాటికి పత్రికలో సీరియల్‌తో వచ్చిన బొమ్మలు లేవు. బొమ్మలు వేసినవాళ్ళ పేరు కోసం వెతికేవాళ్ళకు ఈ కుట్టిన కట్టలే కావాలి. వారం తప్పకుండా ఉన్నాయా లేదా అని భాగాల సంఖ్యలు వరసగా చూసుకోవాలి; ఒక్క వారం లేకపోయినా వివరంలో చెప్పాలి.

తుప్పు పిన్నును బయటినుంచి లాగితే కాగితం చినుగుతుంది. మధ్య పేజీ తెరిచి, లోపలి కాళ్ళు రెండూ నిటారుగా లేపి, వెనకనుంచి నెమ్మదిగా తీసి, అవే బెజ్జాల్లో నూలుదారంతో కుట్టాలి. చినిగినచోట సెల్లోటేపు అతికించొద్దు. దాని జిగురు కొన్నేండ్లకు పసుపుపచ్చ మరకై అచ్చును కూడా మింగుతుంది. పురుగు ఉందని అనుమానమైతే ప్లాస్టిక్ కవర్లో గాలి లేకుండా మూసి, డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు పెట్టండి. బయటికి తీశాక కవరు ఒక రోజు పాటు తెరవొద్దు; వెంటనే తెరిస్తే చల్లటి కాగితం మీద గాలిలోని తేమ నీరై పడుతుంది. తెలుగు పుస్తకాలకైతే అట్ట తర్వాతి పేజీలో 'ప్రథమ ముద్రణ', 'ప్రతులు: 1000' అనే వరసలు చూడాలి. ఎన్ని ప్రతులు వేసినారో పుస్తకమే చెప్తుంది, ఆ వరసను తప్పకుండా ఫోటో తీసి పెట్టండి. పంపడానికి 2025 మే 1న తపాలా శాఖ పెట్టిన జ్ఞాన్ పోస్ట్ చవక: 300 గ్రాముల దాకా 20 రూపాయలు, అయిదు కిలోలకు 100, పన్ను అదనం. పత్రికల సంచికలు దాని కింద పోవు, పుస్తకాలే.

పాత ఉత్తరాల మీద స్టాంపులు కత్తిరించి ఆల్బంలో అతికించడం మన బడి రోజుల సరదా. మామూలు స్టాంపు కత్తిరిస్తే దానికి విలువ లేదు, కవరుతో ఉంటే ఉంది. కవరు తారీఖు చెరిగిపోయినా అడ్రసు చెప్తుంది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు తిరుపతి, చిత్తూరు వైపువి 'నార్త్ ఆర్కాట్' అని ఉంటాయి. 1953 అక్టోబరు దాకా మద్రాసు రాష్ట్రం, ఆ తర్వాత 1956 నవంబరు దాకా ఆంధ్ర రాష్ట్రం. పిన్‌కోడ్ మొదలైంది 1972 ఆగస్టు 15న, కాబట్టి 517501 అని అడ్రసులో ఉంటే ఆ ఉత్తరం దాని తర్వాతిదే. 'జిల్లా: తిరుపతి' అని అచ్చయిన రసీదును 'పాతది' అని ఎవరైనా చూపిస్తే నవ్వి ఊరుకోండి, ఆ జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్లో.

రైలు అట్ట టికెట్లలో మనవైపు దొరికేవి ఎక్కువగా ప్లాట్‌ఫారం టికెట్లే. కారణం మామూలుదే, ప్రయాణం టికెట్టును దిగిన స్టేషన్లో గేటు దగ్గర తీసేసుకునేవాళ్ళు. పాకాల, చిత్తూరు, కాట్పాడి మీటర్‌గేజి నాటి ప్రయాణం టికెట్టు బయటపడితే అందుకే ఎక్కువ పలుకుతుంది. ఇక స్టూడియో ఫోటోలు. కొండ గోపురం తెర ముందర బోడిగుండ్లతో ఇంటిల్లిపాదీ నిలబడి తీయించుకున్నవి తిరుపతి నుంచి దేశమంతా పోయినాయి. అట్ట మీద స్టూడియో పేరు ఒత్తిన ఉబ్బెత్తు ముద్ర ఉంటే అడిగేవాళ్ళున్నారు. కానీ మొహాలు తెలిసే వాళ్ళవైతే, ఆ ఇంటివాళ్ళ అనుమతి లేకుండా నెట్లో పెట్టడం పద్ధతి కాదు.

గ్రామఫోన్ రికార్డుల విషయంలో భక్తులకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం ఎల్పీ ప్రతి ఇంట్లో ఉండేది, అందుకే దానికి పెద్ద ధర లేదు. టీటీడీ కోసం ఆమె పాడిన బాలాజీ పంచరత్నమాల అయిదు భాగాలూ, అట్టలు చినగకుండా ఒకేచోట దొరికితే వేరే సంగతి. రికార్డును దీపం వెలుతురుకు ఏటవాలుగా పెట్టి చూడాలి. వేలిగోటికి తగలని గీత ఫరవాలేదు, తగిలితే సూది ఎగురుతుంది. నిలువుగా పెట్టి ఉంచాలి. మన మిద్దెల మీది రేకుల గదిలో ఒకదాని మీద ఒకటి పేర్చినవి ఒక్క ఎండాకాలానికే అప్పడాలవుతాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు లక్కతో చేసినవి. వాటిని స్పిరిట్‌తో తుడిస్తే పాటే కరిగిపోతుంది. డిస్టిల్డు వాటరు, మెత్తని గుడ్డ చాలు. ఎల్పీని పంపేటప్పుడు అట్టలోంచి డిస్కు బయటికి తీసి, లోకవరుతో సహా అట్ట వెనక పెట్టాలి. లోపలే ఉంచి పంపితే దారిలో డిస్కు కదిలి అట్ట కుట్టును చీలుస్తుంది.

వాల్వు రేడియోను కొన్న వెంటనే ప్లగ్గులో పెట్టొద్దు. ముప్పై నలభై ఏండ్లు అటక మీద పడి ఉన్నదాంట్లో కాగితం కెపాసిటర్లు లీకవుతుంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. దానికి వరసలో ఒక 60 వాట్ల గుండు బల్బు కలిపి పెట్టి చూడాలి. బల్బు ఒకసారి వెలిగి మెల్లగా మందగిస్తే పర్వాలేదు, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉంది. వెనక మూత తీసి ఈ పని చేసేటప్పుడు చేయి పెట్టగూడదు. ఆపినాక కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. తెలియనివాళ్ళు మెకానిక్కుకు ఇవ్వడమే మేలు. ధర తగ్గించేవి మళ్ళీ చిన్నవే: వెనక అట్ట, నాలుగు బిరడాల్లో ఒకటి, డయల్ అద్దం. పోస్టాఫీసులో ఏటా కట్టి స్టాంపు వేయించుకున్న రేడియో లైసెన్సు పుస్తకం దొరికితే రేడియోతో కలిపి పెట్టండి, విడదీయొద్దు.

నాణేల మీద ఎక్కువ చెప్పను, ఎందుకంటే పది ఇండ్లలో తొమ్మిదింటి డబ్బాల్లో ఉండేవి విలువలేనివే. అల్యూమినియం రెండు పైసలు, మూడు పైసలు, పది పైసలు దోసిళ్ళకొద్దీ ఉన్నాయి. తామరపువ్వు 20 పైసలకు ఆప్యాయతే ఎక్కువ. 1969 గాంధీ 10 రూపాయల నాణెం వెండిది: 15 గ్రాములు, అందులో 80 శాతం వెండి. బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, పాతవాటిలో వెండి 91.7 శాతం, 1940 నుంచి సగానికి దిగింది, 1947ది పులి బొమ్మతో నికెల్ నాణెం. 0.01 గ్రాము చూపే చిన్న కాటా లేకుండా వెండి నాణెం కొనొద్దు. దేవుడి బొమ్మతో, 1818 అని, ఈస్టిండియా కంపెనీ పేరుతో వచ్చే 'అణా'లు ఉత్త బిళ్ళలు. కంపెనీ అట్లాంటివి వేయలేదు. వేంకటేశ్వరుడు దేవేరులిద్దరితో ఉన్న బంగారు వరాహాలు మద్రాసులో నిజంగానే వేసినారు, వాటి మీద ఇంగ్లీషు అక్షరం గానీ సంవత్సరం గానీ ఉండదు. పాత నాణేలు, నోట్లు కొంటామని చెప్పి 'కమిషన్' అడిగేవాళ్ళ గురించి 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది. రద్దయిన పాత 500, 1000 నోట్లు పది కంటే ఎక్కువ ఉంచుకోవడం నేరం. అధ్యయనానికో సేకరణకో అయితే 25 దాకా.

చట్టం పేరు వినగానే చదవడం మానేయొద్దు. వందేండ్లు దాటిన విగ్రహం, చిత్రం, నాణెం 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువు. దాన్ని వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు కావాలి, దేశం దాటించగూడదు. రాతప్రతికైతే 75 ఏండ్లకే. ఇంట్లో తాళపత్రాలు ఉంటే అమ్మకానికి పెట్టకుండా ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థలో చూపించండి. ఏనుగు దంతం వస్తువును ముట్టుకోవద్దు, అది తాతగారిదైనా సరే. మన ఊరికి ప్రత్యేకమైనది బొమ్మల కొలువులో పెట్టే చెక్క దంపతులు. పాతవి ఎర్రచందనంతో చేసినవి ఉంటాయి. శేషాచలం చెట్టు మీద ఎంత నిఘా ఉందో అందరికీ తెలుసు. ఆ బొమ్మల జంటను విదేశానికి కొరియర్ వేయడమంటే కస్టమ్స్‌ను ఇంటికి పిలవడమే. ఇంట్లోనే ఉంచి, ప్రతి దసరాకు కొత్త బట్ట కట్టండి.

అమ్మే చోట్లు మారిపోయినాయి. ఆన్‌లైన్ వేలం సైటు బాజీ.కామ్‌ను 2004లో ఈబే కొనింది. ఆ ఈబే ఇండియా 2017లో ఫ్లిప్‌కార్ట్ చేతికి పోయి 2018 ఆగస్టులో మూతపడింది. దాంట్లో పైసాపే అని ఉండేది, కొన్నవాడి డబ్బు మధ్యలో ఆగి, వస్తువు చేరినాక అమ్మినవాడికి వచ్చేది. ఇప్పటి వాట్సాప్, ఫేస్‌బుక్ గుంపుల్లో ఆ మధ్యమనిషి లేడు. అందుకే 'మిలిటరీ ఆఫీసర్ని, డబ్బు పంపుతున్నా, క్యూఆర్ స్కాన్ చేయండన్నా' అనే మోసగాళ్ళు వచ్చినారు. డబ్బు రావడానికి స్కానూ అక్కరలేదు, పిన్నూ అక్కరలేదు.

ధర కట్టేటప్పుడు పక్కవాడు అడిగిన ధర చూడొద్దు, అమ్ముడైన ధర చూడండి. నాణేలు, స్టాంపుల వేలం సంస్థలు చివరి పాట ధరలను ప్రకటిస్తాయి. లెక్క ఇట్లా వేయాలి: వాచీ 600కు కొన్నారనుకుందాం, సర్వీసు 350, బెల్టు 150, అద్దం 50, ప్యాకింగు 40, కొరియర్ 90, మొత్తం 1,280. 1,500కు అమ్మితే మిగిలేది 220. నెలలో ఒకటి తిరిగొస్తే రానుపోను ఛార్జీలు అందులోనే. ఇతర రాష్ట్రాలకు వ్యాపారంగా అమ్మితే టర్నోవరు తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉండదు; పాత వస్తువులకు లాభం మీదే పన్ను కట్టే పద్ధతి ఒకటుంది, ఆడిటర్ని అడిగి మొదలుపెట్టండి.

ఫోటోలు పొద్దున్నే వరండా నీడలో, తెల్లపంచె మీద పెట్టి తీయాలి. ఎనిమిది చాలు: ముందు, వెనక, రెండు పక్కలు, ముద్ర, పక్కన స్కేలు, లోపాలు దగ్గరగా రెండు. లోపాన్ని దాచితే తిరిగొస్తుంది, చూపిస్తే బేరం కొంచెం తగ్గుతుంది, అంతే. ప్యాక్ చేసేటప్పుడు పెట్టెను ఊపి చూడండి, శబ్దం వస్తే మళ్ళీ విప్పాల్సిందే. వస్తువు పెట్టెలోకి పోయేదగ్గర నుంచి టేపు వేసే దాకా కోత లేని ఒకే వీడియో తీసి పెట్టుకోవాలి. కొన్నవాణ్ణి కూడా విప్పేటప్పుడు అట్లే తీయమని ముందే రాతపూర్వకంగా చెప్పాలి. పోస్టాఫీసు కౌంటర్లో రసీదు మీద నిజమైన విలువ వేయించి, విలువైన వస్తువుకైతే ఇన్సూరెన్సు అడగండి. 'గిఫ్ట్ ఐటం, 100 రూపాయలు' అని రాయించుకుంటే, పార్శిలు పోయినప్పుడు వంద రూపాయల కంటే ఎక్కువ అడగడానికి చేతిలో ఏ కాగితమూ ఉండదు.